రాత లేని కాలంలో తీరవాసులు సముద్రం మీద బతికారని ఎలా తెలుస్తుంది?

గాలాలు, బల్లేలు దొరుకుతాయి నిజమే కానీ, నా దృష్టిలో అంతకంటే బలమైన సాక్ష్యం ఆ మనుషుల ఎముకలే. ఉత్తర చిలీలో అటకామా ఎడారి పసిఫిక్‌ను తాకే చోట బతికిన చించోరో జనాన్ని చూడండి. ఈజిప్టు ఫరోల కంటే ఎంతో ముందు, సుమారు 7,000 ఏళ్ల క్రితమే, వీరు తమవారి దేహాలను మమ్మీలుగా మలిచారు.

వారి పుర్రెల్లో పలువాటికి చెవి రంధ్రం లోపల చిన్న ఎముక బుడిపెలు ఉన్నాయి. చల్లటి నీటిలో ఏళ్ల తరబడి మునిగేవారికి ఇవి వస్తాయి; హంబోల్ట్ అనే చల్లటి సముద్ర ప్రవాహం వల్ల అక్కడి సముద్రం చల్లనిది. ఆడవారి కంటే మగవారిలో ఇవి చాలా ఎక్కువ. అంటే నీళ్లలోకి దిగి ఆల్చిప్పలు తెచ్చే పని ప్రధానంగా ఎవరిదో కూడా తెలిసిపోతోంది! ఎముకల్లోని నత్రజని ఐసోటోపులు (వేర్వేరు బరువులున్న నత్రజని పరమాణువులు) తిండిలో అధికభాగం సముద్రానిదేనని చూపుతున్నాయి. పచ్చిగానో, సగం ఉడికించో తిన్న చేపల నుంచి వచ్చే బద్దెపురుగు గుడ్లు కూడా బయటపడ్డాయి.

గాలాలను మొదట ఆల్చిప్ప పెంకును గుండ్రంగా అరగదీసి, తర్వాత కాక్టస్ ముళ్లతో చేశారు. ఎడారి పొడి గాలికి నార తాళ్లు సైతం చెడలేదు.

అన్ని తీరాలకూ ఈ అదృష్టం లేదు. మంచుయుగపు మంచు కరిగి సముద్రమట్టం 100 మీటర్లకు పైగా పెరగడంతో, అంతకుముందు తీరాన ఉన్న నివాసాలు చాలావరకు నీటి కిందే ఉన్నాయి.