టెక్ సందేహాలు: పాత జిప్సీకి ఎంత పెద్ద టైర్లు వేయొచ్చు?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. 2004 మోడల్ పెట్రోల్ మారుతి జిప్సీ కొన్నాను. బత్తాయి తోటకు బండ్లబాట మీదే పోవాలి. వాన పడితే రేగడిలో దిగబడుతోంది. పెద్దవైన 235/75 ఆర్15 సైజు టైర్లు, నాలుగంగుళాల లిఫ్ట్ (బాడీని పైకి లేపడం), డీజిల్ ఇంజిన్ వేయించమని దోస్తులు అంటున్నారు. వేయించొచ్చా?

జవాబు: డీజిల్ ఇంజిన్ ఆలోచన ముందు మానుకోండి. ఆర్‌సీలో ఉన్న కంపెనీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. మీ బండికి 15 ఏళ్లు దాటాయి కాబట్టి ఐదేళ్లకోసారి ఆర్‌సీ రెన్యువల్‌కు ఆర్టీఏ దగ్గరికి తీసుకుపోక తప్పదు, అక్కడ పని ఆగిపోతుంది. పైగా జిప్సీ బలమంతా దాని తేలికతనంలోనే ఉంది. సాఫ్ట్‌టాప్ బరువు టన్నులోపే. ముందు బరువైన ఇంజిన్ పెడితే బురదలో ముక్కు ఇంకా లోతుకు దిగుతుంది.

ఇక టైర్లు. కంపెనీ సైజు 205/70 ఆర్15 టైరు ఎత్తు సుమారు 668 మిల్లీమీటర్లు. మీరు అడిగింది 733. తేడా 65 కనిపిస్తుంది కానీ, యాక్సిల్ (ఇరుసు) లేచేది అందులో సగమే, మూడు సెంటీమీటర్ల పైచిలుకు. దానికోసం ప్రతి గేరూ దాదాపు పది శాతం బరువెక్కుతుంది. ఈ 1.3 లీటర్ ఇంజిన్‌కు 80 హార్స్‌పవర్ ఉన్నా, లాగే శక్తి పూర్తిగా వచ్చేది 4500 ఆర్‌పీఎం దగ్గర. గట్టు ఎక్కేటప్పుడు క్లచ్ సగం తొక్కి పట్టాల్సి వస్తుంది, కాలిన వాసన వస్తుంది. స్పీడోమీటర్ 60 చూపిస్తుంటే మీరు నిజానికి 66 మీద ఉంటారు. ఫోన్‌లో జీపీఎస్ స్పీడ్ యాప్ పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

నా మాట వింటే 215/75 ఆర్15, మట్టి గళ్లు ఉన్నవి వేయించండి. గేర్ల మీద భారం సగానికి తగ్గుతుంది. రేగడి దగ్గరికి రాగానే గాలి 18 పీఎస్ఐకి దించి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ లాగే తక్కువ గేరులో) మెల్లగా పోండి. తారు రోడ్డు ఎక్కే ముందు 12 వోల్టుల చిన్న కంప్రెసర్‌తో మళ్లీ కొట్టుకోవచ్చు. నిజంగా పనికొచ్చే గ్యాడ్జెట్ అది.

లిఫ్ట్ చేస్తే బాడీ లేస్తుంది కానీ, కింద ఇరుసు మధ్యలోని గేర్ల గుండు, అంటే డిఫరెన్షియల్, ఉన్నచోటే ఉంటుంది. నాలుగంగుళాలు లేపితే ఇరుసుకు శక్తిని అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ వాలు పెరిగి జాయింట్లు కొట్టుకుంటాయి, బ్రేకు పైపులు బిగుసుకుంటాయి. ఇరవై ఏళ్ల కమాన్ పట్టీలు ఇప్పటికే చదునై ఉంటాయి. కొత్త పట్టీలు, బుష్‌లు వేయిస్తే పోయిన ఎత్తు చాలావరకు తిరిగొస్తుంది. అంతకన్నా ముందు పట్టీలు ఛాసిస్‌కు తగిలే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడిచి చూడండి. పెచ్చులు రాలినా, మొన లోపలికి దిగినా అన్నీ ఆపి ముందు ఛాసిస్ బాగు చేయించండి.

ప్రశ్న: నా జిప్సీకి 180 వాట్ల ఎల్ఈడీ బార్ బిగిస్తున్నా. హెడ్‌లైట్ వైరుకే కలపొచ్చా? (అచ్చంపేట)

జవాబు: వద్దు. 180 వాట్లంటే 12 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లు. పాత స్విచ్ అంత కరెంటు మోయలేదు. మహబూబ్‌నగర్‌లో ఒక మెకానిక్ దగ్గర ఇలాగే కలిపిన జిప్సీ చూశాను. డ్యాష్‌బోర్డు వెనక నాలుగు వైర్లు కరిగి ఒకే ముద్ద అయ్యాయి. బ్యాటరీ నుంచి విడిగా మందపాటి వైరు, 20 ఆంపియర్ల ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్) పెట్టించండి. తోటలోనే వెలిగించండి. మన్ననూరు రోడ్డు మీద వెలిగిస్తే ఎదురొచ్చే బైకు మనిషికి బాటే కనిపించదు.

ప్రశ్న: 2001 జిప్సీకి బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (ఇంజిన్ లోపాలను ఫోన్ యాప్‌లో చూపే పరికరం) కొనొచ్చా? (నల్లగొండ)

జవాబు: కొనకండి. మన దేశంలో కార్లకు ఓబీడీ-2 తప్పనిసరి అయింది 2013లో. మీ బండితో ఆ యాప్‌లు మాట్లాడవు. ఆ డబ్బుతో రేడియేటర్ కడిగించండి.