సుధకు, గుర్రం ట్రైలర్ లాగే ముందు

చిరంజీవి సుధకు, పెదనాన్న ఆశీస్సులు.

పిల్లదాని గుర్రాన్ని ఇన్నాళ్లూ లాయం వాళ్లే తిప్పిపెట్టారని, ఇకనుంచి ట్రైలర్ నువ్వే లాగుతావని మీ అమ్మ చెప్పింది. సంతోషమే. ఇరవై ఏళ్లుగా ఈ టెక్సస్ రోడ్ల మీద లాగుతున్నాను కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు బరువు సంగతి. మన ఊళ్లో మీ తాతయ్య ఎడ్లబండికి ధాన్యం బస్తాలు ఎలా వేయించేవారో మీ నాన్ననడుగు. బస్తాలు వెనక్కి ఎక్కువైతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ కింద పలుపులు బిగుస్తాయి. ముందుకు ఎక్కువైతే వాటి మెడలు పుండ్లు పడతాయి. ఇక్కడా అంతే. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు బాల్ మీద, అంటే ట్రైలర్ తగిలించడానికి ట్రక్కు వెనకుండే ఇనపగుండు మీద పడాలి. తగ్గిందా, హైవే ఎక్కగానే ట్రైలర్ వెనక తోక ఊపుతుంది, అంటే అటూ ఇటూ ఊగుతుంది. రెండు గుర్రాల ట్రైలర్ ఖాళీగానే 3,000 పౌండ్ల దాకా ఉంటుంది, ఒక్కో గుర్రం ఇంకో వెయ్యి. టెక్సస్‌లో మొత్తం బరువు 4,500 పౌండ్లు దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాల్సిందే. మీ బండి ఎంత లాగగలదో మాన్యువల్లో ఉంటుంది. ఎంత మోయగలదో డ్రైవరు డోరు దగ్గరి స్టిక్కరు మీద ఉంటుంది. బాల్ మీద పడే బరువు, మీరు నలుగురూ, సామాన్లూ అన్నీ ఆ మోసే లెక్కలోకే వస్తాయి. చాలామంది ఇది మరిచిపోతారు.

ఇక నా సిగ్గుచేటు కథ. కొత్తలో పక్కింటాయన ట్రైలర్ అడిగి తెచ్చుకున్నాను. దాని కప్లర్, అంటే బాల్ మీద కూర్చునే ట్రైలర్ ముందు గిన్నె, 2 5/16 అంగుళాలది, నా బాల్ 2 అంగుళాలది. కూర్చుంది, లాచ్ కూడా టక్కుమని పడింది. రైలు పట్టాలు దాటుతుంటే ఒక్క కుదుపుకి ఊడి రోడ్డు మీద పడింది. గొలుసులు ఇంటూ గుర్తులా అడ్డంగా తగిలించాను కాబట్టి ట్రైలర్ ముక్కు ఆ గొలుసుల ఊయల్లో ఆగింది. లోపల గుర్రం లేదు, దేవుడి దయ. అప్పట్నుంచి లాచ్ వేశాక ట్రైలర్ ముక్కుని లేపే జాక్ మళ్లీ పైకి తిప్పుతాను. ట్రక్కు వెనక భాగం కూడా లేస్తేనే అది పట్టుకున్నట్టు. ట్రైలర్ ఊడిపోతే దాని బ్రేకులు పడేలా చేసే బ్రేక్‌అవే తీగ గొలుసుకు కాదు, ట్రక్కుకే తగిలించు.

ట్రైలర్ టైర్లు అరిగాయా అని మాత్రమే చూడకు, వయసు చూడు. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనవి. ఆరేళ్లు దాటితే మార్చెయ్. ట్రైలర్ లోపల రబ్బరు చాప ఎత్తి నేల చెక్కల్ని స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. ఉచ్చకి చెక్క పైకి తెలీకుండా పుచ్చిపోతుంది.

ఒక్క గుర్రమే అయితే ఎడమవైపు, అంటే నీ వైపు కట్టు. రోడ్డు కుడి అంచుకి వాలుగా ఉంటుంది, బరువంతా అటే ఉంటే ట్రైలర్ అటు లాగుతుంది. ఎక్కించాక మొదట గుర్రం వెనకున్న అడ్డకడ్డీ వెయ్యి, తర్వాతే తల కట్టు. దించేటప్పుడు ముందు తాడు విప్పు, తర్వాత కడ్డీ తియ్యి. ఈ వరస తప్పితే గుర్రం వెనక్కి వచ్చేస్తుంది, తాడేమో తలని పట్టి లాగుతుంది. అప్పుడది బెదిరి చేసే గొడవ నువ్వు చూడకూడదు.

నడపడానికి వస్తే, మీ పెద్దమ్మ గుడికి సాంబారు గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే ఎలా నడుపుతానో అలా నడుపు. నీకు సీటుంది, బెల్టుంది, మలుపు కనబడుతోంది. గుర్రమేమో నిలబడి ఉంది, ఏదీ తెలీదు. బ్రేకు మలుపుకి ముందే పూర్తి చెయ్యి. ట్రైలర్ తిన్నగా వచ్చాక గానీ గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కకు. తోక ఊపడం మొదలైతే బ్రేకు మీద కాలు పెట్టొద్దు. గ్యాస్ వదిలి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, నీ దగ్గరుండే ట్రైలర్ బ్రేకుల కంట్రోలర్ మీది మీట మెల్లగా నొక్కు, ట్రైలర్ బ్రేకులు మాత్రమే పడతాయి.

రివర్స్‌కి ఖాళీ ట్రైలర్‌తో ఖాళీ పార్కింగ్‌లో ఒక పూట గడుపు. చెయ్యి స్టీరింగ్ అడుగున పెట్టు, చెయ్యి ఎటు పోతే ట్రైలర్ వెనక అటు పోతుంది. మీ ఆయన్ని పక్కన కూర్చోనివ్వకు, సలహాలు ఎక్కువైపోతాయి!

శనివారం పొద్దున్నే వస్తాను. ఈలోపు బాల్ మీద, కప్లర్ మీద చెక్కి ఉన్న సైజులు ఫోటో తీసి పంపు.

మీ పెదనాన్న