హెల్మెట్ వైజర్ మీద పురుగుల మరకలు: రుద్దకండి, నాననివ్వండి

సాయంత్రం పొలాల పక్క రోడ్డులో 80 మీద వెళ్తుంటే వైజర్ (హెల్మెట్‌కి ముఖం ముందుండే పారదర్శక కవచం) నిండా పురుగులు చితుకుతున్నాయని, తుడిస్తే ఇంకా మసకబారుతోందని అడిగారు కదా బ్రదర్. పొడిగుడ్డతో రుద్దకండి. వైజర్ పాలీకార్బొనేట్ అనే ప్లాస్టిక్, గీతలు ఇట్టే పడతాయి. ఆ గీతల మీద ఎదురు బండి లైటు పడితే రోడ్డే కనపడదు. మెత్తటి గుడ్డను బాగా తడిపి పది నిమిషాలు కప్పి ఉంచండి. ఎండిపోయిన రెక్కలు, పసుపుపచ్చ జిగురు నాని తేలిగ్గా వచ్చేస్తాయి. పెట్రోలు మాత్రం వాడకండి.

పళ్లలో పురుగులుంటే నవ్వుతూ బండి నడిపినట్టేనని రైడర్లు వేసే జోకు నాకూ ఇష్టమే. కానీ 80లో సెకనుకు 22 మీటర్లు పోతాం. పురుగు కంట్లో పడితే అంత దూరం గుడ్డిగా వెళ్లినట్టే. చీకటి పడేవేళ వైజర్ పూర్తిగా దించి, 60కి తగ్గించండి. పురుగు కొట్టే దెబ్బ దాదాపు సగమవుతుంది.