చిన్న ఊళ్ళకు విమానాలు నిలబడతాయా? కడప జిల్లాలో టికెట్లు అమ్మిన అనుభవం

మీరు అడిగింది: "మా జిల్లాకు విమానాశ్రయం వస్తుందంటున్నారు. చిన్న ఊళ్ళ నుంచి విమానాలు నిజంగా నడుస్తాయా, కొన్నాళ్ళు హడావిడి చేసి ఆగిపోతాయా?"

నేను ప్రొద్దుటూరులో టికెట్ బుకింగ్ ఆఫీసు నడుపుతాను. బస్సు, రైలు, విమానం అన్నీ చేస్తాం కాబట్టి జనం దేన్ని వదిలి దేన్ని పట్టుకుంటారో రోజూ చూస్తుంటాను. నడుస్తాయండి, కానీ జనానికి పనికొచ్చే టైములో, రేపు కూడా ఉంటుందన్న నమ్మకంతో నడిపితేనే.

చిన్న ఊళ్ళకు తక్కువ ఛార్జీతో విమానాలు నడపాలని కేంద్రం తెచ్చిన పథకం ఉడాన్. 2017 ఏప్రిల్ 27న ఆ విమానాలు మొదలైన రోజు, సిమ్లా-ఢిల్లీతో పాటు మన కడప-హైదరాబాద్ సర్వీసు కూడా మొదలైంది. గంట ప్రయాణమైతే సగం సీట్లకు ఛార్జీ 2,500 రూపాయలు దాటకూడదని అప్పట్లో పరిమితి పెట్టారు. అంతవరకు విమానం ఊసే ఎత్తనివాళ్ళు కూడా వచ్చి వివరాలు అడిగారు. అయితే గంట అంటే గాలిలో గంటే. ప్రొద్దుటూరు నుంచి కడపకు గంట పైన, ముందుగా చేరి కూర్చోవడం, శంషాబాద్‌లో దిగాక కూకట్‌పల్లికి ఇంకో గంటన్నర, అన్నీ కలిపితే పూట గడిచిపోతుంది. రాత్రి స్లీపర్ బస్సెక్కినా, వెంకటాద్రి రైలెక్కినా పడుకుని లేచేసరికి హైదరాబాద్. పగలంతా పని చేసుకోవచ్చు. వ్యాపారస్తులు చాలామంది మళ్ళీ బస్సుకే వెళ్ళిపోయింది అందుకే. పొద్దున వెళ్ళి సాయంత్రం తిరిగొచ్చేలా రెండు సర్వీసులుంటే వాళ్ళే విమానానికి ఖాయమైన గిరాకీ.

ఇక గల్ఫ్ వాళ్ళ సంగతి. రాయచోటి, రాజంపేట వైపు నుంచి కువైట్ వెళ్ళినవాళ్ళు ఎంతమందో ఇక్కడ అందరికీ తెలుసు. విమానం అలవాటున్న జనం, టికెట్‌కు డబ్బు పెట్టే జనం. అయినా చెన్నైలో దిగాక అక్కడి నుంచి కడపకు విమానం ఎక్కేవాళ్ళు తక్కువ. ఒకామె భర్త వస్తున్నాడని వివరాలు కనుక్కోవడానికి మా దగ్గరకొచ్చింది. కువైట్ టికెట్ మీద 30 కిలోల లగేజీ ఉంది. ఇక్కడి టికెట్ విడిగా కొంటే 15 కిలోలే ఉచితం, మిగతా ప్రతి కిలోకూ విడిగా కట్టాలి. దుప్పట్లు, పాలపొడి డబ్బాలు, సెంటు సీసాలు, తాడేసి కట్టిన అట్టపెట్టెలు... లెక్క వేసుకుని, అక్కడే నిలబడి కారు డ్రైవర్‌కు ఫోన్ చేసింది. ఆమె భర్త చెన్నైలో దిగేది తెల్లవారుజామున, కడప విమానమేమో చాలా ఆలస్యంగా. కారు నేరుగా ఇంటి ముందు దింపుతుంది. ఇంత మంచి గిరాకీ కళ్ళ ముందుండగా ఒకే టికెట్, ఒకే లగేజీ లెక్క కుదర్చలేకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

నమ్మకం మాటకొస్తే, గుండె పరీక్షకు తండ్రిని హైదరాబాద్ తీసుకెళ్ళాలని ఒకతను టికెట్ తీసుకున్నాడు. ముందు రోజు సాయంత్రం రద్దని మెసేజ్ వచ్చింది. డబ్బు తిరిగిచ్చారు, కానీ డాక్టర్ అపాయింట్‌మెంట్ తిరిగిరాదు కదా. అప్పటికప్పుడు బస్సులో కింది బెర్తు వెతికిచ్చాం. ఆ తర్వాత అతను మళ్ళీ విమానం గురించి అడగలేదు. నాలుగైదు విమానాలతో నెట్టుకొచ్చే చిన్న సంస్థలో ఒక్కటి రిపేరుకు ఆగితే అది తిరగాల్సిన ఊళ్ళన్నీ దెబ్బతింటాయి.

ఇది మన జిల్లా కథే కాదు. ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023 నివేదిక ప్రకారం, ఉడాన్ మూడో విడత దాకా ఇచ్చిన 774 రూట్లలో 403 అసలు మొదలే కాలేదు. మొదలైన 371లో పథకం ప్రకారం నడవాల్సిన మూడేళ్ళూ నడిచినవి 112, ఆ తర్వాత కూడా నిలబడ్డవి 54. ఆ మూడేళ్ళూ నష్టాన్ని పూడ్చే సబ్సిడీ ఉంటుంది, అందులో 20 శాతం రాష్ట్రానిది. అది ఆగే నాటికి ప్రయాణికులు అలవాటు పడకపోతే ఛార్జీ పెంచాలి, పెంచితే ఉన్నవాళ్ళూ పోతారు. విమాన ఇంధనం జీఎస్టీలో లేదు కాబట్టి రాష్ట్రం వేసే వ్యాట్ కూడా పెద్ద భారమే. ఉడాన్ విమానాశ్రయాల్లో దాన్ని పదేళ్ళపాటు 1 శాతానికి తగ్గించడం మంచి పని చేసింది.

రూటు ఎంపిక కూడా చూడండి. 2021 మార్చిలో కర్నూలు విమానాశ్రయం ఉన్న ఓర్వకల్లు నుంచి విమానాలు మొదలైనప్పుడు బెంగళూరు, చెన్నై, విశాఖకు వేశారు, హైదరాబాద్‌కు వేయలేదు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు హైవే మీద మూడున్నర గంటలే, అక్కడ విమానం ఎవరికి కావాలి? విశాఖకైతే రాత్రంతా ప్రయాణం చేసినా ఇంకా దారి మిగిలే ఉంటుంది. రోడ్డు, రైలు ఎక్కడ చేతులెత్తేస్తాయో అక్కడే చిన్న విమానానికి బతుకు.

కాబట్టి మీ ఊళ్ళో శంకుస్థాపన తేదీ కంటే ముందు, ఏ ఊరికి, ఏ టైముకు, వారానికి ఎన్ని రోజులు అని అడగండి. విమానం సైజు కూడా అడగండి. 70 సీట్లున్న ఏటీఆర్ అనే చిన్న విమానం నిండే చోట 180 సీట్ల విమానం తెస్తే వారానికి రెండు రోజులే నడుపుతారు, ఆ రెండు రోజులకు తగ్గట్టు ఎవరికీ పనులు పడవు. మీ దగ్గర కూడా గల్ఫ్ వాళ్ళు ఎక్కువుంటే, కలెక్టర్‌కిచ్చే వినతిపత్రంలో ఆ లగేజీ సంగతి తప్పకుండా రాయించండి.