పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: పదహారేళ్ల కుర్రాడిలో ఇరవయ్యేళ్ల ఆటగాణ్ని చూడడం ఎలా?

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించే ఉన్నాయి. అక్కో తమ్ముడో టెక్సాస్‌లోనో జార్జియాలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో ఎన్నో ఉన్నాయి కనుక ఇందులో ఆశ్చర్యం లేదు. ఈ పేజీలో ఫుట్‌బాల్ అన్నచోటల్లా హెల్మెట్ పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట అనే అర్థం చేసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: మా అక్కావాళ్లు డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటారు. అక్క కొడుకు పదకొండో తరగతి చదువుతూ స్కూలు జట్టులో అఫెన్సివ్ లైన్‌లో, అంటే బంతి పట్టినవాడికి రక్షణగా నిలిచే ముందు వరుసలో, ఆడుతున్నాడు. వాడికి మూడు స్టార్లు, అదే జట్టులో పరుగెత్తే ఇంకో అబ్బాయికి నాలుగు స్టార్లు వచ్చాయట. బావగారు దిగులు పడుతున్నారు. ఈ స్టార్లు ఎవరిస్తారు? ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

జవాబు: అమ్మా, ఈ స్టార్లను విశ్వవిద్యాలయాలు ఇవ్వవు. 247 స్పోర్ట్స్, రైవల్స్, ఈఎస్‌పీఎన్ వంటి సంస్థలు తమ పరిశీలకులకు వీడియోలు చూపించి, వారిని శిబిరాలకు పంపి, అయిదు స్టార్ల కొలమానం మీద ఇచ్చే అంచనాలివి. అమెరికాలో హైస్కూలు ఫుట్‌బాల్ ఆడే పిల్లలు సుమారు 10 లక్షల మంది. వారిలో ఏటా అయిదు స్టార్లు దక్కేది 30 మందికి అటూ ఇటూగా మాత్రమే. వృత్తి లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండులో 32 ఎంపికలు ఉంటాయి కనుక, ఆ స్థాయికి ఎదగగలరని తోచినవారికే ఆ గుర్తింపు ఇవ్వాలన్నది 247 స్పోర్ట్స్ పద్ధతి. ఈ లెక్కన మూడు స్టార్లంటే తక్కువ అని కాదు, మొదటి శ్రేణి విశ్వవిద్యాలయాల్లో చేరే ఆటగాళ్లలో అత్యధికులు ఆ మూడు స్టార్ల వారే.

స్టార్లు శుద్ధ దండుగ అని వాదించేవారు జే.జే. వాట్ పేరు చెబుతారు. రెండు స్టార్లతో సెంట్రల్ మిషిగన్ విశ్వవిద్యాలయంలో టైట్ ఎండ్‌గా (అడ్డుకోవడం, బంతి అందుకోవడం రెండూ చేసే స్థానంలో) చేరి, అక్కణ్నుంచి స్కాలర్‌షిప్ లేకుండా విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం జట్టులోకి వచ్చి, స్థానం మార్చుకుని, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మూడుసార్లు ఉత్తమ డిఫెన్సివ్ (ప్రత్యర్థి దాడిని ఆపే) ఆటగాడైన మనిషి ఆయన. క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపి బంతి విసిరే ఆటగాడు) జాష్ ఆలెన్‌కు హైస్కూలు దాటే నాటికి పెద్ద విశ్వవిద్యాలయం ఒక్కటీ పిలుపు పంపలేదు. కాలిఫోర్నియాలోని రీడ్లీ అనే చిన్న కాలేజీలో ఆడి, వ్యోమింగ్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 2018 డ్రాఫ్టులో ఏడో ఆటగాడిగా ఎంపికయ్యాడు. ఈ కథలు నిజమే. అయితే అవి అరుదు కాబట్టే అందరి నోటా నానుతున్నాయన్నది మరచిపోకూడదు. 2018లో దేశంలోనే మొదటి స్థానంలో ఉన్న హైస్కూలు క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ లారెన్స్ మొదటి ఏడాదే క్లెమ్సన్ విశ్వవిద్యాలయాన్ని జాతీయ విజేతగా నిలిపి, 2021 డ్రాఫ్టులో మొట్టమొదటి ఎంపిక అయ్యాడు. ఒక్కొక్క అబ్బాయి విషయంలో స్టార్లు తప్పవచ్చు గాని, వందమందిని కలిపి చూస్తే పైనున్నవారు కింద ఉన్నవారి కంటే ఎక్కువగానే రాణిస్తారు.

మీ అక్కగారి అబ్బాయి విషయంలో బావగారు గమనించవలసినది మరొకటుంది. పరుగెత్తేవాడి వేగం పదహారేళ్లకే కంటికి కనిపిస్తుంది. మీవాడిలా లైన్‌లో ఆడే లైన్‌మన్ శరీరం అలా కాదు, ఇరవై దాటాక గాని అది పూర్తిగా తయారు కాదు. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందన్న సామెత ఈ ఒక్క స్థానానికి వర్తించదు. కాబట్టి ఇద్దరు అబ్బాయిల స్టార్లనూ పక్కపక్కన పెట్టి పోల్చడం సరికాదు.

ప్రశ్న: నేను జయనగర్‌లో ఒక పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుణ్ని. అమెరికా కోచ్‌లు రెండు మూడు నిమిషాల వీడియో చూసి పిల్లల్ని ఎంపిక చేస్తారని విన్నాను. నిజంగా వాళ్లు ఏం చూస్తారు? మన పిల్లలను చూడడానికి అందులో నేర్చుకోదగినది ఉందా?

జవాబు: మాస్టారూ, ఆ చిన్న వీడియోతో జరిగేది ఎంపిక కాదు, వడపోత. ఏడాది పొడవునా ఆడిన ఆటల నుంచి అబ్బాయి ఏరి కూర్చుకున్న మంచి ఘట్టాలే అందులో ఉంటాయి. తడబడినవి ఉండవు. శ్రద్ధ గల కోచ్ మొదటి కొన్ని ఘట్టాలు చూసి, ఆసక్తి కలిగితే స్కూలు కోచ్‌ను పూర్తి ఆటల వీడియో పంపమని అడుగుతాడు. అందులోనూ గట్టి ప్రత్యర్థితో ఆడిన ఆటను, వీలైతే ఓడిపోయిన ఆటను అడిగేవాడు పని తెలిసినవాడని నా అభిప్రాయం. ఈ వీడియోలు పంచుకోవడానికి అక్కడి స్కూళ్లలో ఎక్కువగా హడల్ అనే సేవను వాడతారు.

ఒక లైన్‌మన్‌ను చూసే తీరు చెబుతాను. బంతి కదిలిన క్షణంలో అతని మొదటి అడుగు ఎటు పడిందో చూస్తారు. ఆ తరువాత ఎక్కడ వంగాడో చూస్తారు. నడుము దగ్గర వంగినవాడి బరువంతా ముందుకు తూలుతుంది, ఎదుటివాడు ఒక్కసారి చెయ్యి పట్టి లాగితే బోర్లా పడతాడు. మోకాళ్ల దగ్గర, తుంటి దగ్గర కిందికి దిగి వీపు నిలిపి ఉంచినవాడు అదే లాగుడుకు పాదం సర్దుకుని నిలబడతాడు. అరచేతులు ప్రత్యర్థి ఛాతీ మీద పడ్డాయా, భుజాల వెలుపల పడ్డాయా అన్నది తరువాతి సంగతి. ఢీకొన్నాక పాదాలు ఆగిపోయాయా, కదులుతూనే ఉన్నాయా అన్నది అంతకన్నా ముఖ్యం. ఇంత చూశాక, బంతి మైదానానికి అవతలి వైపు వెళ్లిపోయిన ఘట్టాల్లో, అంటే తన పని అయిపోయిందనిపించే ఘట్టాల్లో, అతడు నడుస్తున్నాడా పరుగెడుతున్నాడా అని చివరి పావు భాగంలో ప్రత్యేకంగా చూస్తారు. ఇది ఏ హైలైట్ వీడియోలోనూ దొరకదు.

కొలతల విషయం మీకు సులువుగా అర్థమవుతుంది. 40 గజాల పరుగుకు, అంటే సుమారు 36.6 మీటర్లకు, ప్రతి అబ్బాయీ ఒక గొప్ప సమయం చెబుతాడు. చాలావరకు అవి చేతి గడియారంతో తీసినవే. స్కూలు మైదానంలో స్టాప్‌వాచ్‌తో తీసిన సమయానికీ, కంఠీరవ స్టేడియంలో జరిగే పెద్ద పోటీల్లో యంత్రం చూపే సమయానికీ తేడా మీకు తెలియనిది కాదు. 100 మీటర్లలో చేతి సమయానికి 0.24 సెకను కలిపి పోల్చడం వాడుక. అందుకే అనుభవజ్ఞులైన పరిశీలకులు అబ్బాయి చెప్పిన 40 గజాల సమయాన్ని పక్కన పెట్టి, అథ్లెటిక్స్ పోటీలో యంత్రం నమోదు చేసిన 100 లేదా 200 మీటర్ల సమయాన్ని వెదుకుతారు. బరువైన పిల్లలకైతే షాట్‌పుట్ దూరం, కుస్తీ రికార్డు, బాస్కెట్‌బాల్ వీడియో చూస్తారు. 130 కిలోల అబ్బాయి బాస్కెట్‌బాల్ కోర్టులో పక్కకు జరిగి అవతలివాణ్ని అడ్డుకోగలిగితే, అతని పాదాల గురించి ఫుట్‌బాల్ వీడియో చెప్పని మాట అక్కడ తెలుస్తుంది. పిల్లల్ని పన్నెండేళ్లకే ఒకే ఆటకు కట్టిపడేయవద్దని మన తల్లిదండ్రులకు చెప్పడానికి ఇంతకంటే మంచి కారణం నాకు కనిపించదు.

ఇక అన్నిటికన్నా కష్టమైనది ఎదుగుదలను ఊహించడం. తల్లిదండ్రుల ఎత్తు, భుజాల వెడల్పు, చేతుల పొడవు, మణికట్టు, పాదం సైజు చూసి ఈ చట్రం ఇంకెంత బరువు మోయగలదని లెక్క వేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ లైన్‌మన్ లేన్ జాన్సన్ హైస్కూలులో క్వార్టర్‌బ్యాక్. చిన్న కాలేజీలోనూ అదే స్థానంలో మొదలుపెట్టి, ఓక్లహోమా విశ్వవిద్యాలయంలో టైట్ ఎండ్‌గా, డిఫెన్సివ్ ఎండ్‌గా మారి, చివరికి టాకిల్‌గా (అఫెన్సివ్ లైన్ అంచున నిలబడేవాడిగా) స్థిరపడి 2013 డ్రాఫ్టులో నాలుగో ఎంపిక అయ్యాడు. స్కూలులో ఏ స్థానంలో ఆడాడన్నదాన్నే పట్టుకుని కూర్చున్నవారికి ఇలాంటివాడు దొరకడు.

వయసు సంగతి కూడా చూడాలి. మన క్రికెట్ బోర్డు అండర్-16 పోటీలకు ఎముకల ఎక్స్‌రే ఆధారంగా టీడబ్ల్యూ3 పరీక్ష చేస్తుంది. అమెరికా స్కూలు ఫుట్‌బాల్‌లో అంచనా అంతా తరగతి లెక్కన సాగుతుంది. బడిలో ఏడాది ఆలస్యంగా చేరిన అబ్బాయి తనకన్నా పద్నాలుగు నెలలు చిన్నవాణ్ని సునాయాసంగా నెట్టేస్తుంటే అది ప్రతిభ అనిపిస్తుంది. పుట్టిన తేదీ అడగకుండా వీడియో చూడడం సగం చూడడమే. మన జిల్లా స్థాయి ఎంపికల్లో జనవరిలో పుట్టినవాణ్నీ డిసెంబరులో పుట్టినవాణ్నీ ఒకే గాటన కట్టి, చిన్నవాణ్ని పంపించేస్తున్న తీరు చూస్తే బాధ కలుగుతుంది. మీరు మీ రిజిస్టరులో పేరు పక్కన పుట్టిన నెల కూడా రాసి పెట్టుకుంటే ఏడాది తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: అట్లాంటాలో ఉన్న మా తమ్ముడి కొడుకు చదువులోనూ ముందుంటాడు. వాడికి ఒక యూనివర్సిటీ కోచ్ స్కాలర్‌షిప్ ఇచ్చి జట్టులోకి తీసుకుంటామని ఆఫర్ ఇచ్చారని ఇంట్లో పండుగ చేసుకున్నాం. ఆర్నెల్లకే ఆ కోచ్ వేరే చోటికి వెళ్లిపోయారు. ఇప్పుడు ఫోన్ ఎత్తేవారే లేరట. ఇచ్చిన మాటకు విలువ లేదా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, మల్లేశ్వరం

జవాబు: అయ్యా, మీ బాధ న్యాయమైనదే, కాని నియమాల ప్రకారం నోటి ఆఫర్ ఎవరినీ కట్టడి చేయదు. అబ్బాయి ‘వస్తాను’ అన్న మాటా అంతే. కోచ్ ఏ వయసు పిల్లవాడికైనా నోటిమాటగా ఆఫర్ ఇవ్వవచ్చు. రాతపూర్వకమైనది మాత్రం పన్నెండో తరగతి మొదలయ్యే ఏడాది ఆగస్టు 1 తరువాతే ఇవ్వాలి. సంతకాలు డిసెంబరు మొదట్లో గాని, ఫిబ్రవరిలో గాని జరుగుతాయి. డిసెంబరు సంతకాల పద్ధతి 2017లో వచ్చింది. చాలాకాలంగా ఉన్న జాతీయ అంగీకార పత్రాన్ని (ఫలానా విశ్వవిద్యాలయంలోనే చేరతానని ఆటగాడు సంతకం చేసే పత్రం) 2024లో రద్దు చేశారు కనుక, ఇప్పుడు విశ్వవిద్యాలయంతో చేసుకునే ఆర్థిక సహాయ ఒప్పందమే అసలు పత్రం.

మీ తమ్ముడుగారు ఇకమీదట ఏ కోచ్‌నైనా సూటిగా అడగవలసిన మాట ఒకటుంది: ‘మావాడు ఈ రోజే ఒప్పుకుంటే మీరు తీసుకుంటారా?’ చాలా ఆఫర్లు ‘మిమ్మల్ని గమనిస్తున్నాం’ అని చెప్పడానికే ఇస్తారు, ఈ ప్రశ్నతో ఆ సంగతి బయటపడుతుంది. ఆ స్థానంలో ఇంకెందరికి ఆఫర్ ఇచ్చారో, మీ అబ్బాయి వారిలో ఎన్నోవాడో, వాడి ఆటలో ఏ పూర్తి మ్యాచ్ చూశారో అడగడంలో మర్యాద తక్కువేమీ లేదు. చూసిన మ్యాచ్ పేరు చెప్పలేని కోచ్ మీద నేనైతే ఆశ పెట్టుకోను.

డబ్బు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. కాలేజీ ఆటగాళ్లు వేసిన దావాలో కుదిరి, 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన హౌస్ ఒప్పందానికి ముందు అగ్రశ్రేణి జట్టు ఒక్కొక్కటి 85 మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మాత్రమే పూర్తి స్కాలర్‌షిప్ ఇచ్చేది. ఇప్పుడు ఆ ఒప్పందంలో చేరిన చోట్ల జట్టుకు 105 మంది అన్న పరిమితి ఉంది, వారిలో ఎవరికి ఎంత ఇవ్వాలన్నది విశ్వవిద్యాలయం ఇష్టం. కనుక ఎంత, ఎన్నేళ్లు, గాయమైతే ఏమిటి అన్నవి కాగితం మీద ఉండాలి. పైగా 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ల పేర్ల జాబితా) వల్ల కోచ్‌లు ఊహించవలసిన పదిహేడేళ్లవాడి కంటే, కాలేజీలో ఆడి చూపించిన ఇరవయ్యొక్కేళ్లవాణ్ని తెచ్చుకోవడానికి మొగ్గు చూపుతున్నారు. హైస్కూలు పిల్లలకు దక్కే చోట్లు ఆ మేరకు తగ్గాయి.

మీ తమ్ముడి కొడుకు చదువులో ముందున్నాడని రాశారు. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ కాలేజీలు క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వవు గాని, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఇచ్చే సహాయం కొన్నిసార్లు దానితో సమానంగా ఉంటుంది. అక్కడి కోచ్‌లు మార్కులు కూడా చూస్తారు కాబట్టి వాడి బలం అక్కడ పనికివస్తుంది. మొదటి శ్రేణిలో ఆడాలంటే అమెరికా కాలేజీ క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ నిర్దేశించిన 16 ముఖ్య పాఠ్యాంశాలు, వాటిలో 4కు కనీసం 2.3 సగటు ఉండాలి. ఆ పదహారింటిలో పది చివరి ఏడాది మొదలయ్యేలోగా పూర్తి కావాలి. ఇది చాలామంది ఆలస్యంగా తెలుసుకుంటున్నారు.

ప్రశ్న: నాకు పదిహేడేళ్లు. బెంగళూరులో పీయూసీ చదువుతూ రగ్బీ ఆడుతున్నాను, బంతిని చాలా దూరం తన్నగలను. అమెరికా కాలేజీలో ఫుట్‌బాల్ ఆడే అవకాశం నాకుందా?

జవాబు: బాబూ, అవకాశం సన్నటిదే, కాని నీవు చెప్పిన తన్నే కాలే దానికి సరైన దారి. ఈ ఆట చూస్తూ పెరగని దేశాల నుంచి వచ్చినవారు ఎక్కువగా రాణించింది పంటర్ (బంతిని తన్ని ప్రత్యర్థి వైపు దూరంగా పంపే ఆటగాడు) స్థానంలోనే. మెల్‌బోర్న్‌లోని ప్రోకిక్ ఆస్ట్రేలియా అనే శిక్షణ సంస్థ ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ ఆడినవారిని తీర్చిదిద్ది అమెరికా కాలేజీలకు పంపుతుంది. దేశంలో ఉత్తమ కాలేజీ పంటర్‌కు ఇచ్చే రే గై అవార్డు 2014, 2015లలో టామ్ హాకెట్‌కు, 2017లో మైకెల్ డిక్సన్‌కు, 2023లో టోరీ టేలర్‌కు దక్కింది. ముగ్గురూ ఆస్ట్రేలియన్లే. పంటర్ విషయంలో ఊహించవలసింది తక్కువ: బంతి ఎంత దూరం వెళ్లింది, గాలిలో ఎన్ని సెకన్లు ఉంది, చేతికి అందాక కాలిని తాకడానికి ఎంత సమయం పట్టింది. ఈ మూడూ కెమెరాలో కనిపిస్తాయి. కాబట్టి నీ వీడియోను కత్తిరించకుండా, వరుసగా పది తన్నులు, బాగా పడనివి కూడా ఉంచి తీయి. చూసేవారికి నీ మీద నమ్మకం కలిగేది దానివల్లే.

ఒక్క హెచ్చరిక. ఎన్‌సీఏఏ మొదటి శ్రేణిలో ఆడే కాలపరిమితి నీవు ప్రపంచంలో ఏ కాలేజీలోనైనా పూర్తికాలం డిగ్రీ చదువుకు చేరిన నాటి నుంచి లెక్కలోకి వస్తుంది. పీయూసీ అయ్యాక ‘ఏడాది ఖాళీగా ఎందుకు’ అని ఇక్కడే డిగ్రీలో చేరితే ఆ గడియారం మొదలైపోతుంది. ఊరకే వాయిదా వేసినా కొన్ని షరతులు అడ్డు వస్తాయి. అందుచేత ఏ అడుగు వేసేముందయినా ఎన్‌సీఏఏ అర్హతా కేంద్రం నియమాలను ఇంట్లో పెద్దవారితో కూర్చుని చదువు. విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ప్రకటనల ద్వారా సంపాదించడంలో అడ్డంకులున్నాయి కనుక, 2021 నుంచి అక్కడి ఆటగాళ్లకు వస్తున్న ఆ డబ్బును నీ లెక్కలో వేసుకోకు. విద్యార్థిగా ఖర్చు ఎలా గడుస్తుందన్నది విడిగా చూసుకోవాలి.

దీనితోపాటు ఫ్లాగ్ ఫుట్‌బాల్‌ను (ఢీకొట్టకుండా, నడుముకు కట్టిన గుడ్డ పట్టీని లాగి ఆపే ఆట) కూడా గమనించు. జట్టుకు అయిదుగురు ఆడే ఈ రూపాన్ని 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో చేర్చాలని 2023 అక్టోబరులో మన ముంబైలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే నిర్ణయించారు. రగ్బీలో నీకు అలవడిన తప్పించుకునే పరుగు, బంతి అందుకునే చేతులు అందులో నేరుగా ఉపయోగపడతాయి, దానికోసం సముద్రాలు దాటవలసిన పని కూడా లేదు.