‘మీ అమ్మాయి ఎంపికైంది, 55 వేలు కట్టండి’ అంటే కట్టాలా?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక మండల కేంద్రం. మా ఆయన ట్రాక్టర్ మెకానిక్, నేను బట్టలు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 26 వేల దాకా వస్తుంది. మా పాప జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. బాగా చదువుతుంది, స్టేజీ భయం లేదు. మొన్న ఒక సంస్థ నుంచి ఫోన్ చేసి, ‘బాలికల నాయకత్వ శిక్షణ’కి పాప ఎంపికైందని, ఢిల్లీలో ఏడు రోజుల క్యాంపు అని చెప్పారు. ఫీజు 85 వేలట. అందులో 30 వేలు స్కాలర్‌షిప్‌గా వాళ్ళే ఇస్తారట, మిగతా 55 వేలు ఈ నెలాఖరులోగా కట్టాలట. లక్ష రూపాయల చిట్టీలో 11 నెలలు కట్టాం. ఈ నెల పాట 86 వేల దగ్గర ఆగింది, చివరిదాకా ఆగితే కమీషన్ పోను 95 వేలు వస్తాయి. చిట్టీ పాడేద్దామా, నా గొలుసు కుదువ పెడదామా? సుకన్య ఖాతాలో లక్షా 60 వేలు ఉన్నాయి, అందులోంచి తీయొచ్చా? ఇంటర్‌కి ప్రైవేట్ కాలేజీ వాళ్ళు ఏడాదికి 60 వేలు అంటున్నారు. అన్నీ తలుచుకుంటే టెన్షన్‌గా ఉంది. ఎనిమిదో తరగతిలో పాప ఎన్‌ఎంఎంఎస్ అనే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష పాసైంది కానీ డబ్బులు ఇంకా పడలేదు.

జవాబు: మీరు చివరి వాక్యంలో, పోతూ పోతూ రాసిన మాటే ఈ ఉత్తరం మొత్తంలో విలువైనది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ క్యాంపు సంగతి చూద్దాం.

కట్టొద్దమ్మా. చిట్టీ పాడితే ఇప్పటికిప్పుడు 9 వేలు తరుగు. గొలుసు మీద 55 వేలు తెచ్చుకుంటే, ఏడాదికి 12 శాతం లెక్కన వడ్డీయే 6,600. సుకన్యలోంచి తీద్దామన్నా కుదరదు. పాప పదో తరగతి పాసవ్వాలి లేదా 18 ఏళ్ళు నిండాలి. అప్పుడు కూడా అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర్లో ఉన్న నిల్వలో సగం మించి ఇవ్వరు. కాలేజీ సీటు కాగితమో ఫీజు రసీదో చూపించాలి. క్యాంపు రసీదు అక్కడ చెల్లదు. ప్రభుత్వం ఆ తాళం వేసి ఉంచడం మనలాంటి వాళ్ళ మంచికే.

అసలు స్కాలర్‌షిప్ అంటే మన ఖాతాలోకి డబ్బు రావాలి, లేదా మన ఫీజు వాళ్ళు పూర్తిగా కట్టాలి. ముందు 85 వేలు అని, తర్వాత 30 వేలు తగ్గిస్తే, దాన్ని బట్టల షాపులో డిస్కౌంట్ అంటాం. పరీక్ష పెట్టారా? పాప ఏదైనా రాసి పంపిందా? ఏదీ లేకుండా ‘ఎంపిక’ ఎలా జరిగింది? బహుశా ఎక్కడో ఇచ్చిన ఫోన్ నంబరు ఎంపికై ఉంటుంది. ఆ సర్టిఫికెట్‌కి ఎప్‌సెట్‌లో గానీ నీట్‌లో గానీ ఒక్క మార్కు కలవదు. వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే, ‘మిగతా 55 వేలు కూడా స్కాలర్‌షిప్ కిందే ఇవ్వండి, సంతోషంగా పంపిస్తాం’ అని చూడండి.

నేనేదో తెలివైనవాణ్ణని ఇదంతా చెప్పడం లేదు. మా అమ్మాయి ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఇలాంటి వర్క్‌షాప్‌కే 6 వేలు కట్టాను. ఊళ్ళో వాళ్ళకి డబ్బు సలహాలు చెప్పేవాణ్ణి, నేనే కట్టాను. వాళ్ళిచ్చిన మెడల్ రంగు పోయి, ఇప్పుడు మా ఇంట్లో తాళాల గుత్తికి వేలాడుతోంది.

ఇక ఎన్‌ఎంఎంఎస్. ఏడాదికి 12 వేలు చొప్పున తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, నాలుగేళ్ళకు 48 వేలు. మీ పాప సొంతంగా పరీక్ష రాసి గెలుచుకున్న డబ్బు అది. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు, మీది 3 లక్షల 12 వేలు, ఇబ్బంది లేదు. పరీక్ష పాసవడంతో పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు. తొమ్మిదో తరగతిలో చేరాక నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో కొత్తగా దరఖాస్తు చేయాలి. దాన్ని ముందు స్కూలు, తర్వాత జిల్లా స్థాయిలో ఆమోదించాలి. ఆ తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. గడువు దాటితే ఆ ఏడాది డబ్బు పోయినట్టే.

రేపే హెడ్‌మాస్టర్‌ని కలిసి, పాప దరఖాస్తు ఏ దశలో ఆగిందో పోర్టల్లో చూపించమని అడగండి. అక్కడ అన్నీ సరిగ్గా ఉంటే చిక్కు బ్యాంకులో ఉన్నట్టు. ‘ఆధార్ లింక్ చేశాం’ అని కౌంటర్లో చెబితే నమ్మేసి వచ్చేయకండి. ఈ డబ్బు ఆధార్ నంబరు ఆధారంగా పడుతుంది కాబట్టి, ఆ నంబరు ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) దగ్గర పాప ఖాతాకే మ్యాప్ అయి ఉండాలి. ‘డీబీటీ సీడింగ్ అయిందా’ అని అదే మాట వాడి అడగండి. పాప పేరు ఆధార్‌లో ఒక రకంగా, స్కూలు రికార్డులో ఇంకో రకంగా ఉందేమో కూడా చూసుకోండి. ఇంటిపేరు ముందు ఒక చోట, వెనక ఒక చోట రాయడం మన దగ్గర మామూలే, దానివల్ల ఆగిపోయిన స్కాలర్‌షిప్‌లు నేను చాలా చూశాను.

ఇప్పుడు ఇంటర్ సంగతి. ఇది క్యాంపు కంటే పెద్ద లెక్క. మీరు దీన్ని ఫీజు లెక్కగానే చూస్తున్నారు, కానీ ఇది స్కాలర్‌షిప్ లెక్క కూడా. ఎన్‌ఎంఎంఎస్ ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ విద్యాసంస్థల్లో చదివేవాళ్ళకే. ఇంటర్‌కి ప్రైవేట్ కాలేజీకి మారితే ఆ రెండేళ్ళ 24 వేలు ఆగిపోతాయి. అంతకంటే పెద్ద తలుపు ఇంకోటి ఉంది. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ అమ్మాయిలకు డిగ్రీ లేదా డిప్లొమా పూర్తయ్యేదాకా ఏడాదికి 30 వేలు ఇస్తోంది, తెలంగాణ కూడా ఆ జాబితాలో ఉంది. షరతేమిటంటే పదో తరగతి, ఇంటర్ రెండూ ప్రభుత్వ బడి, కాలేజీల్లోనే చదివి ఉండాలి. విప్రో వాళ్ళ సంతూర్ స్కాలర్‌షిప్‌కీ ఇలాంటి షరతే. అంటే రెండేళ్ళ ప్రైవేట్ ఇంటర్‌కి అయ్యేది 1 లక్షా 20 వేల ఫీజొక్కటే కాదు, 24 వేలు చేతిలోంచి పోతాయి, నాలుగేళ్ళ డిగ్రీకి రావలసిన 1 లక్షా 20 వేలకు అర్హత కూడా పోతుంది. మూడేళ్ళ తర్వాతా ఈ నిబంధనలు ఇలాగే ఉంటాయని ఎవరూ రాసివ్వరు, అది నిజమే. కానీ ఉన్న అర్హతను మన చేత్తో మనం ఎందుకు పోగొట్టుకోవాలి?

అలాగని కళ్ళు మూసుకుని ప్రభుత్వ కాలేజీలో చేర్చమని అనను. ముందు ఆ కాలేజీకి వెళ్ళి, ఫిజిక్స్‌కి లెక్చరర్ ఉన్నారా, ల్యాబ్ తెరుస్తున్నారా చూడండి. పాప డాక్టరే కావాలని పట్టుబడితే, మీ ఊరి కాలేజీలో పాఠాలే జరగకపోతే, స్కాలర్‌షిప్ కోసం పాప చదువును తాకట్టు పెట్టడం తప్పు. అప్పుడు ఆ 60 వేలు ఖర్చు చేయాల్సిందే, సుకన్య ఖాతా ఉన్నది కూడా అందుకే.

పాలిటెక్నిక్ గురించి మీరు అడగలేదు, నేనే చెబుతాను. పదో తరగతి తర్వాత పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరే అమ్మాయిలకు ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ ఉంది. ఏడాదికి 50 వేలు, మూడేళ్ళు. ఇంట్లో ఇద్దరు అమ్మాయిల దాకా ఇస్తారు, ఆదాయ పరిమితి 8 లక్షలు. బీటెక్‌లో చేరినా ఇదే మొత్తం, నాలుగేళ్ళు. మార్కుల మెరిట్ మీద ఎంపిక, ఇది తీసుకుంటే వేరే ప్రభుత్వ స్కాలర్‌షిప్ కలపకూడదు. ఎన్‌ఎంఎంఎస్ డిప్లొమాకి వర్తించదు, కాబట్టి ఒకటి పోయి ఇంకోటి వస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. బీసీలకైతే గ్రామాల్లో ఏడాది ఆదాయ పరిమితి లక్షన్నర, మీరు దాన్ని ఎప్పుడో దాటారు. ‘తక్కువ చూపించి సర్టిఫికెట్ తెచ్చుకుంటాం’ అని మాత్రం అనకండి. నాలుగేళ్ళ తర్వాత ఎవరైనా తిరగేస్తే పాప మెడకు చుట్టుకుంటుంది.

నాయకత్వం మాటకొస్తే, పాపకి ఆశపెట్టి ‘వద్దు’ అని ఊరుకుంటే ముఖం చిన్నబుచ్చుకుంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి 13 ఏళ్ళ 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ, భువనగిరి గుట్ట మీద శిక్షణ మొదలుపెట్టింది. తర్వాత అమెరికా ప్రభుత్వ కార్యక్రమంలో ఎంపికై అక్కడా చదివి వచ్చింది. ఈ కథ పాపకి చెప్పండి.

మీ స్కూల్లో ఎన్‌సీసీ ఉందేమో కనుక్కోండి. రెండేళ్ళు చేస్తే ‘ఎ’ సర్టిఫికెట్, కాలేజీలో ‘బి’, ‘సి’. ఇంజినీరింగ్ సీట్లలో దానికి ప్రత్యేక కోటా కూడా ఉంది, ఢిల్లీ క్యాంపు సర్టిఫికెట్‌కి లేనిది అదే. ఇన్‌స్పైర్ మనక్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ పథకానికి స్కూలు నుంచి ఐడియా పంపొచ్చు, ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10 వేలు పాప ఖాతాలో వేస్తారు. సైన్స్ ఇష్టమైతే, తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదివే అమ్మాయిల కోసం కేంద్రం నడిపే విజ్ఞాన్ జ్యోతి మీ జిల్లాలో ఉందేమో నవోదయ విద్యాలయంలో అడగండి. ఫ్రెండ్స్‌తో కలిసి మొబైల్ యాప్ చేసే టెక్నోవేషన్ గర్ల్స్ అనే అంతర్జాతీయ పోటీ ఉంది. దానికీ ఫీజు లేదు, పరిష్కరించాల్సింది మన ఊరి సమస్యే కావచ్చు.

ఇక మీ చేతిలో ఉన్న డబ్బు. చిట్టీ చివరిదాకా కట్టి 95 వేలు చేతికి తీసుకోండి, పాటలో ఎంత పోయినా ఇప్పుడు ఎత్తొద్దు. అందులో సగం బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో, పాప ఇంటర్ లేదా డిప్లొమా మొదటి ఏడాది పుస్తకాలకీ హాస్టల్‌కీ ఉంచండి. మిగతా సగం ఇంటి అత్యవసర ఖర్చుకి. మెకానిక్ పని చేసే మనిషికి చేతికి దెబ్బ తగిలితే నెల రోజులు సంపాదన ఆగిపోతుంది, ఆ మాట మీ ఇద్దరికీ తెలియనిది కాదు. ఎన్‌ఎంఎంఎస్ డబ్బు పడ్డాక దాన్ని ఇంటి ఖర్చులో కలపకండి, పాప ఖాతాలోనే వదిలేసి పాస్‌బుక్ తన చేతికే ఇవ్వండి.

సుకన్యలో ఈ ఏడాది ఏమైనా కట్టారో లేదో రాయలేదు. మార్చి 31 లోపు కనీసం 250 వేయండి, లేకపోతే ఖాతా డిఫాల్ట్‌లోకి వెళ్ళి, 50 రూపాయల జరిమానాతో మళ్ళీ సరిచేయించుకోవడానికి పోస్టాఫీసుకి తిరగాల్సి వస్తుంది.