అంకె చూసి ఏం చేస్తామో ముందు తేల్చుకో

చి. అమ్మాయికి,
పెద్దమ్మ ఆశీస్సులు.

అమ్మకీ నాన్నకీ కొనాలనుకున్న వస్తువుల చీటీ చూశాను. బీపీ మిషను, షుగరు మిషను, వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరు, గడియారాలు, కొత్త ఫోన్లు, ఇంకా ఏవేవో యాప్‌లు. ఒక్కోదాని పక్కన ఒక ప్రశ్న రాసుకో: ఇది చూపించే అంకె చూసి మనం ఏం చేస్తాం? జవాబు దొరకనిది కొట్టెయ్. నిద్రకి మార్కులేసే యాప్ అక్కడే పోతుంది. ఒంట్లో కొవ్వు శాతం చెప్పే తూకం మిషనూ పోతుంది. అది ఒంట్లోంచి సన్నగా కరెంటు పంపి లెక్కగడుతుంది, గుండె లయని నడిపించే పేస్‌మేకరు ఒంట్లో ఉన్నవాళ్లు అసలు ఎక్కనేకూడదు.

బీపీ మిషను మాత్రం కావాలి. మణికట్టుకి పెట్టేది వద్దు, జబ్బకి చుట్టేదే తీసుకో. మణికట్టు సరిగ్గా గుండె ఎత్తున లేకపోతే అంకె మారిపోతుంది, చెయ్యి వణికేవాళ్లకి దాన్ని అలా నిలిపి ఉంచడం కష్టం. క్లినికల్ వాలిడేషన్ అయిన, అంటే మనుషుల మీద పరీక్షించి కొలత సరైనదని తేల్చిన మోడలేనా అని అడిగి మరీ కొను. దానికన్నా ముందు టేపు తీసుకుని, భుజానికీ మోచేతికీ నడిమధ్య చుట్టుకొలత ఇద్దరికీ చూడు. పెట్టెలో మామూలుగా వచ్చే పట్టీ దాదాపు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. 35 సెంటీమీటర్ల చేతికి దాన్నే బిగిస్తే ఉన్న బీపీకన్నా ఎక్కువ చూపిస్తుంది, బక్క చేతికి పెద్ద పట్టీ చుడితే తక్కువ చూపిస్తుంది. లేని బీపీకి మందు పెరగడం, ఉన్న బీపీ కనపడకపోవడం రెండూ ఇలాగే మొదలవుతాయి. ఇద్దరి చేతులూ వేరుగా ఉంటే మిషను ఒకటే చాలు, పట్టీలు రెండు తీసుకో. అదే కంపెనీవి అయ్యుండాలి.

చూసే పద్ధతి రాస్తున్నా, ఒక కాగితం మీద రాసి మిషను పెట్టెలోనే అంటించి ఉంచు. అరగంట ముందు నుంచీ కాఫీ, టీ, పొగ, నడక ఏవీ వద్దు. మూత్రానికి వెళ్లి వచ్చాక, వీపు ఆనే కుర్చీలో, పాదాలు నేలకి ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తున. చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే గుండెకన్నా కిందికి దిగిన ప్రతి సెంటీమీటరుకీ ముప్పావు పాయింటు చొప్పున పెరుగుతుంది. పదిహేను సెంటీమీటర్లు దిగిందంటే దాదాపు పదకొండు పాయింట్లు ఉత్తపుణ్యానికి పెరిగినట్టే. చొక్కా చెయ్యి మీద చుట్టకూడదు, గట్టిగా పైకి మడిచినా లాభం లేదు, అది ఇంకో పట్టీలా బిగుస్తుంది. పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. మిషను నడుస్తున్నంతసేపూ మాట్లాడకూడదు. ఇది నాన్నకి అన్నిటికన్నా కష్టం, నాకు తెలుసు.

ఒక నిమిషం ఎడంతో రెండుసార్లు చూసి రెండూ రాయాలి. ఉదయం మందు వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, ఏడు రోజులు. మొదటిరోజువి వదిలేసి మిగతా ఆరు రోజుల సగటు తీయి. ఇంట్లో చూసినప్పుడు ఆ సగటు 135/85 దాటితే డాక్టరుకి చెప్పాల్సిన మాటే. మొట్టమొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే ఎప్పుడూ చూడండి. ఆ వారం అయ్యాక రోజూ చూడక్కర్లేదు. మందు మారినప్పుడో, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారమో చూస్తే చాలు. రోజుకి పదిసార్లు చూసుకునేవాళ్లకి ఆ కంగారుతోనే పెరుగుతుంది. గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు ఉంటే ఈ మిషన్లు తడబడతాయి, అప్పుడు మూడుసార్లు చూసి సగటు తీయాలి.

చాలామంది వదిలేసేది ఒకటుంది. బీపీ మందులు వాడుతూ లేవగానే కళ్లు తిరుగుతున్నాయంటే, కూర్చుని చూశాక లేచి నిలబడి ఒక నిమిషానికీ మూడు నిమిషాలకీ మళ్లీ చూడాలి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే అదే కాగితం డాక్టరుకి చూపించు. రాత్రి బాత్‌రూముకి లేచి పడిపోవడానికి ఇదీ ఒక కారణం. చూసేటప్పుడు పక్కన ఎవరో ఒకరు నిలబడాలి.

180/120 దాటి కనిపించినా కంగారుపడి ఇంకో మాత్ర వేసెయ్యకండి. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ చూసి, అలాగే ఉంటే డాక్టరుకి ఫోను చేయండి. గుండెలో నొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, చెయ్యో కాలో పడిపోవడం, మాట తడబడడం తోడైతే రెండోసారి చూస్తూ కూర్చోవద్దు, అంబులెన్స్ పిలవండి. ఈ మూడు వాక్యాలూ ఆ కాగితం మీదే పెద్ద అక్షరాలతో రాయి.

షుగరు మిషను విషయంలో వచ్చే తప్పులన్నీ వేలి దగ్గరా స్ట్రిప్పుల డబ్బా దగ్గరే. పండు ఒలిచిన చేత్తో గుచ్చుకుంటే పండులోని చక్కెరే లెక్కకొస్తుంది. సబ్బుతో కడిగి పూర్తిగా తుడుచుకోవాలి, తడి ఉంటే రక్తం పలచబడుతుంది. వేలి కొస మధ్యలో కాదు, పక్కన గుచ్చితే నొప్పి తక్కువ. చుక్క రాకపోతే వేలు పిండొద్దు, చెయ్యి కిందికి వేలాడదీసి కాసేపు ఆగు. ఒక స్ట్రిప్పు తీయగానే డబ్బా మూత వెంటనే బిగించాలి, గాలిలో తేమకే అవి పాడవుతాయి. ల్యాబులో 140 వచ్చి ఇంట్లో 155 వస్తే మిషను చెడిపోయిందని గొడవ పడకు. 100కి పైన 15 శాతం తేడా ఈ మిషన్ల ప్రమాణంలోనే ఒప్పుకున్నది. 70కి తక్కువ వస్తే మాత్రం, మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల చక్కెర అంటే మూడు చిన్న చెంచాలు నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాలకి మళ్లీ చూడాలి. కొన్ని బీపీ మందులు షుగరు పడినప్పటి వణుకూ గుండెదడా కనపడనివ్వవు, కాబట్టి వణకట్లేదు కదా అని ఊరుకోవద్దు.

ఆక్సిజన్ మీటరు ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకే నిజంగా పనికొస్తుంది. చల్లబడ్డ వేలికీ, గోళ్ల రంగు ఉన్న వేలికీ తప్పు చూపిస్తుంది, అంకె నిలకడగా ఆగేదాకా చూడాలి. చర్మం నల్లగా ఉన్నవాళ్లకి అసలుకన్నా కాస్త ఎక్కువ చూపించే అలవాటు కూడా దీనికుంది. గుండె బలహీనత ఉన్నవాళ్లకి దీనికన్నా మామూలు తూకం మిషనే గొప్పది. రోజూ పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, గట్టి నేల మీద పెట్టి చూడాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది తిండి వల్ల కాదు, నీరు చేరుతోందని అనుమానించి ఆ రోజే డాక్టరుకి చెప్పాలి.

మందుల అలారం మంచం పక్కన మోగితే నిద్రలో ఆపేసి, వేసుకున్నాం అనుకుంటారు. మోగే ఫోనూ మందుల డబ్బా ఒకేచోట ఉండాలి, లేచి వెళ్లి ఆపాలి. వారానికి ఏడు గదుల డబ్బా ఆదివారం నింపితే గది ఖాళీయే సాక్ష్యం. అన్ని మాత్రలూ రేకులోంచి తీసి అందులో పోయకు. నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ దాని సీసాలోనే ఉండాలి, రక్తం పలచబరిచే డాబిగాట్రాన్ కూడా తేమ తగిలితే పాడవుతుంది. ఒక పూట తప్పితే రెండోపూట రెండు వేసుకోవచ్చా అని ఒక్కో మందుకీ ముందే అడిగి రాసిపెట్టు. సాధారణంగా వద్దంటారు.

ఇక ఫోను. పెద్దవాళ్ల వేలు తెర మీద ఒక క్షణం ఎక్కువ ఆగుతుంది. ఫోను దాన్ని నొక్కిపట్టుకోవడం అనుకుని యాప్ బొమ్మల్ని కదిలించే మెనూ తెరుస్తుంది. ‘నా వాట్సాప్ మాయమైంది’ అనే ఫిర్యాదు చాలాసార్లు ఇదే. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్లి టచ్ అండ్ హోల్డ్ డిలే పెంచు, ఆ ఫోనులో వీలుంటే హోమ్ స్క్రీన్ లేఅవుట్‌కి లాక్ వెయ్యి. వేళ్ల గీతలు అరిగి, చర్మం ఎండిపోయి వేలిముద్ర పట్టకపోతే వాళ్లని విసుక్కోకు, పిన్ పెట్టు. వయసుతో ముందుగా పోయేది సన్నని శబ్దాల వినికిడి, అందుకే రింగ్‌టోన్ కీచుమనేది కాకుండా బొంగురుగా ఉండేది ఎంచు. లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ సమాచారంలో జబ్బులు, మందులు, పడని మందులు, నీ నంబరు పెట్టి, పెట్టాక లాక్ వేసి నువ్వే తెరిచి చూడు. పేస్‌మేకరు ఉంటే ఫోను చొక్కా జేబులో వద్దు, కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి, వైర్ లేకుండా ఛార్జయ్యేటప్పుడు ఇంకా దూరం.

పడిపోతే ఫోను చేసే గడియారం మంచిదే, దాని హద్దులు తెలుసుకుని కొంటే. గట్టిగా పడితే గుర్తిస్తుంది గానీ మంచం అంచు నుంచి మెల్లగా జారితే చాలాసార్లు గుర్తించదు. దగ్గర్లో ఫోను గానీ, దానికే సొంత కనెక్షన్ గానీ లేకపోతే ఎవరికీ చెప్పే వీలుండదు. అన్నిటికన్నా పెద్ద చిక్కు, స్నానానికి తీసి ఛార్జింగ్‌కి పెడతారు, పడేదేమో బాత్‌రూములో. నీటిలో తడిసినా పాడవనిది కొని, టీవీ చూసే గంటలో ఛార్జింగ్ అలవాటు చెయ్యి. దాని ఈసీజీ గుండె లయ గురించి చెబుతుంది, గుండెపోటు కనిపెట్టదు. ఈసీజీ బాగానే ఉందని నొప్పితో ఇంట్లో కూర్చోకూడదు. అడుగుల లెక్క 10,000 అని పెట్టి వాళ్లని వేధించకు, ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది, వైద్యంలోంచి కాదు. ఇప్పుడు నడిచేదానికి 500 కలిపి చూడు.

గదిలో కెమెరా పెట్టాలని ఉందని చివర్లో రాశావు. అమ్మని అడిగావా? అడగకుండా పెట్టకు. మంచం నుంచి బాత్‌రూము దాకా, కదలిక పసిగట్టి వెలిగే చిన్న పసుపు దీపాలు మూడు పెడితే కెమెరా చూపించే ప్రమాదాన్ని ఇవి ముందే తప్పిస్తాయి. ఒకటి మంచం కోళ్ల దగ్గర నేల కనిపించేలా పెట్టు, కంటికి ఎదురుగా వద్దు.

టేపు కొలతలు రాగానే పంపు, పట్టీ సైజు చూసి చెబుతా.

ఇట్లు,
మీ పెద్దమ్మ